తోటి సైనికుడు చెప్పిన లాయరు



అమెరికాలో ఏ పెద్ద ఊరి పొలిమేరలోనైనా హైవే ఎక్కితే చాలు, లాయర్ల ముఖాలు హోర్డింగుల మీద వరసగా కనిపిస్తాయి. పనిలో దెబ్బ తగిలిందా, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అంటుంది ఒక బోర్డు. కేసు గెలిస్తేనే ఫీజు అంటుంది ఇంకొకటి. 1977కు ముందు ఈ బోర్డులు లేవు. అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో జాన్ బేట్స్, వాన్ ఓస్టీన్ అనే ఇద్దరు యువ లాయర్లు తమ ఫీజుల వివరాలతో పేపర్లో ప్రకటన వేశారు. రాష్ట్ర బార్ సంఘం ఆ ఇద్దరి మీద క్రమశిక్షణ చర్యకు దిగింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. లాయర్ల ప్రకటనల్ని మొత్తంగా నిషేధించడం భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని ఆ కోర్టు 1977 జూన్‌లో తేల్చింది. మన దేశంలో బార్ కౌన్సిల్ నిబంధనలు లాయర్లను ఇలాంటి ప్రకటనలకు దూరంగానే ఉంచాయి. గుంటూరులోనో వరంగల్లులోనో లాయరు కావాలంటే తెలిసినవాళ్లను అడగడమే దారి. అమెరికాలో ఇంత ప్రచారం నడుమ కూడా ఒక వర్గం అచ్చం ఇలాగే లాయరును వెతుక్కుంటుంది. వాళ్లు మాజీ సైనికులు.

సైన్యం వదిలి మామూలు ఉద్యోగంలో చేరి, అక్కడ గాయపడిన మనిషి తన పరిహారం కేసుకు నమ్మకమైన లాయరును ఎలా పట్టుకుంటాడు? ఆ వెతుకులాటలో తోటి సైనికుల మాట ఎంత దూరం పనికొస్తుంది? ఈ ప్రసంగం దాని గురించే.

అమెరికాలో మాజీ సైనికులు కోటిన్నరకు పైగా ఉంటారు. 1944 నాటి చట్టం వల్ల కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో వాళ్లకు ప్రాధాన్యం ఉంది. అందుకే తపాలా శాఖలో, ప్రభుత్వ ఆసుపత్రుల్లో, నౌకలు బాగుచేసే యార్డుల్లో వాళ్లు పెద్ద సంఖ్యలో కనిపిస్తారు. మిగతావాళ్లలో ట్రక్కులు నడిపేవాళ్లున్నారు, గిడ్డంగుల్లో బరువులెత్తేవాళ్లున్నారు, పోలీసు, ఫైర్ ఉద్యోగాల్లో చేరినవాళ్లున్నారు. అన్నీ ఒళ్లు వంచి చేసే పనులే. యూనిఫారంలో ఉన్నంతకాలం సైనికుడికి కార్మిక పరిహార చట్టం వర్తించదు. విధి నిర్వహణలో గాయపడినందుకు ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా వేయడానికీ వీల్లేదని 1950లోనే సుప్రీంకోర్టు చెప్పింది. యూనిఫారం విప్పి ఉద్యోగంలో చేరాకే అతను మిగతా కార్మికులతో పాటు ఈ చట్టం కిందికి వస్తాడు.

ఆ చట్టం పుట్టుక నెత్తుటితో తడిసింది. క్రిస్టల్ ఈస్ట్‌మన్ అనే యువతి, లాయరుగా చదువుకున్న మనిషి, పిట్స్‌బర్గ్ నగరం ఉన్న ఆలిగెనీ కౌంటీలో 1906 జూలై నుంచి 1907 జూన్ దాకా పనిలో చనిపోయినవాళ్ల లెక్క తీసింది. ఒక్క ఏడాదిలో, ఒక్క కౌంటీలో, 526 మంది. ఉక్కు ఫ్యాక్టరీల్లో, బొగ్గు గనుల్లో, రైలు పట్టాల మీద ప్రాణాలు పోయిన మనుషులు వాళ్లు. తప్పు యజమానిదేనని నిరూపిస్తే తప్ప పైసా రాని కాలం అది. న్యూయార్క్ రాష్ట్రం 1910లో ఒక పరిహార చట్టం చేసింది. 1911 మార్చి 24న ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. మర్నాడే న్యూయార్క్ నగరంలో ట్రయాంగిల్ చొక్కాల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది మరణించారు. ఎక్కువమంది వలస కుటుంబాల ఆడపిల్లలు. అదే ఏడాది మే నెలలో విస్కాన్సిన్ చేసిన చట్టం కోర్టులో నిలిచింది. తరవాత ఒక్కో రాష్ట్రం ఆ దారి పట్టింది. అన్నిటికన్నా చివర 1948లో మిసిసిపి చేరింది. టెక్సస్‌లో ప్రైవేటు కంపెనీ ఈ బీమా తీసుకోకపోయినా చట్టం ఈనాటికీ ఒప్పుకుంటుంది.

చట్టంలోని ఒప్పందం ఇది. తప్పు ఎవరిదని ఎవరూ అడగరు. పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు, జీతంలో కొంత భాగం యజమాని బీమా కంపెనీ ఇస్తుంది. దానికి బదులుగా కార్మికుడు యజమాని మీద దావా వేసే హక్కు వదులుకుంటాడు.

తప్పు నిరూపించే పని లేనప్పుడు లాయరు ఎందుకు? చిన్న దెబ్బలకు నిజంగానే అక్కర్లేదు. వేలు తెగింది, నాలుగు కుట్లు పడ్డాయి, వారం తిరక్కుండా పనిలోకి వచ్చాడు అనుకుంటే బిల్లు చెల్లిపోతుంది. నడుము డిస్కు జారినప్పుడు, భుజానికి ఆపరేషన్ పడినప్పుడు, ఇక పాత పని చేయలేడని డాక్టరు రాసినప్పుడు తిరకాసు మొదలవుతుంది. బీమా కంపెనీ తన డాక్టరు దగ్గరికి పంపుతుంది. ఆ పరీక్షకు పేరు స్వతంత్ర వైద్య పరీక్ష, డబ్బు కట్టేది మాత్రం కంపెనీ. ఆపరేషన్‌కు అనుమతి ఆగిపోతుంది. క్రమం తప్పకుండా వచ్చే చెక్కు హఠాత్తుగా రావడం మానేస్తుంది. మొత్తం ఒకేసారి ఇచ్చి ఫైలు మూసేస్తాం, సంతకం పెట్టండి అని ఒక కాగితం వస్తుంది. ఆ సంతకంతో ముందు ముందు పడే వైద్యం ఖర్చు కూడా తన నెత్తినే పడవచ్చని ఆ మనిషికి చెప్పేవాళ్లు ఉండరు.

ఇలాంటి కేసులు తీసుకునే మంచి లాయర్లు దొరకడమూ సులువు కాదు. ఫీజు మీద రాష్ట్రాలు పరిమితులు పెట్టాయి. పెన్సిల్వేనియాలో 20 శాతం. కాలిఫోర్నియాలో మామూలుగా 15 శాతం లోపే, అదీ జడ్జి ఆమోదించాకే. కార్మికుడిని కాపాడే నియమమే, అయితే ఫ్లారిడాలో అది ఎక్కడిదాకా వెళ్లిందో మార్విన్ కాస్తెయానోస్ కేసు చూపిస్తుంది. బీమా కంపెనీ ఒకదాని మీద ఒకటి అభ్యంతరాలు లేవనెత్తింది. అతని లాయరు 107 గంటలకు పైగా పనిచేసి కేసు గెలిపించాడు. చట్టంలోని శాతం లెక్క ప్రకారం అతనికి దక్కిన ఫీజు 164 డాలర్ల 54 సెంట్లు. అంటే గంటకు 1 డాలరు 53 సెంట్లు. ఆ లెక్క రాజ్యాంగ విరుద్ధమని ఫ్లారిడా సుప్రీంకోర్టు 2016లో తీర్పు చెప్పింది. ఇంత తక్కువ రాబడి ఉన్నచోట కొందరు లాయర్లు కేసుల్ని గుట్టలుగా తీసుకుని, ఒక్కో ఫైలు మీద పది నిమిషాలు పెట్టి, వచ్చినంతకు సెటిల్ చేసి పంపేస్తారు. హోర్డింగు మీద చిరునవ్వు చూసి ఈ తేడా పసిగట్టడం ఎవరి తరమూ కాదు. ఆ ఆఫీసులో ఫైలు పెట్టి రెండేళ్లు తిరిగినవాడికే అది తెలుస్తుంది.

మాజీ సైనికులు తోటివాళ్లనే అడగడం వెనక ఇంకో కారణం ఉంది. దాని వయసు నూట అరవై ఏళ్లు. అంతర్యుద్ధం రోజుల్లో గాయపడిన సైనికుల పింఛన్లు ఇప్పిస్తామంటూ ఏజెంట్లు బయల్దేరి వాళ్లను నిలువునా దోచుకున్నారు. ఆ దోపిడీని ఆపడానికి అమెరికా కాంగ్రెస్ 1862లో ఫీజుకు 5 డాలర్ల పరిమితి పెట్టి, 1864లో దాన్ని 10 డాలర్లు చేసింది. అంతర్యుద్ధం ముగిసింది, రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి, కొరియా, వియత్నాం అయిపోయాయి. పది డాలర్లు పది డాలర్లుగానే ఉండిపోయాయి. అంతకుమించి తీసుకుంటే నేరం. 1985లో ఈ పరిమితి సుప్రీంకోర్టు ముందుకు వచ్చినా కోర్టు దాన్ని నిలబెట్టింది. 1988లో కాంగ్రెస్ కొత్త చట్టం చేసి, సైనికుల అప్పీళ్లకు ప్రత్యేక కోర్టు పెట్టాక గానీ తలుపు తెరుచుకోలేదు.

పది డాలర్లకు ఏ లాయరు వస్తాడు? రాలేదు. ఆ ఖాళీని సైనికుల సంఘాలే నింపాయి. 1899లో మూలాలున్న విదేశీ యుద్ధాల మాజీ సైనికుల సంఘం, 1919లో పుట్టిన అమెరికన్ లీజియన్, 1920లో పుట్టిన దివ్యాంగ సైనికుల సంఘం ఊరూరా శాఖలు పెట్టాయి. ఆ శాఖల్లో సర్వీస్ ఆఫీసరు అనే మనిషి ఉంటాడు. చాలాసార్లు అతనూ మాజీ సైనికుడే. పైసా తీసుకోకుండా ఫారాలు నింపుతాడు, మెడికల్ రికార్డులు తెప్పిస్తాడు, అప్పీలు రాస్తాడు. తరాల తరబడి సైనికుడికి కాగితం పని వస్తే మొదట వెళ్లింది ఆ సంఘం హాలుకే. చట్టం లాయర్ని దూరం పెట్టింది, తోటివాడు దగ్గరయ్యాడు. ఆ అలవాటు ఇవాళ పనిలో దెబ్బ తగిలినప్పుడు కూడా అతన్ని అక్కడికే నడిపిస్తుంది.

ఇక్కడే మొదటి జాగ్రత్త అవసరం. సర్వీస్ ఆఫీసరు చూసేది సైన్యంలో తగిలిన గాయాల వ్యవహారం. అది మాజీ సైనికుల శాఖ పరిధి. అక్కడివాళ్లు దాన్ని వీఏ అంటారు. గిడ్డంగిలో తగిలిన దెబ్బ రాష్ట్రానిది, వేరే చట్టం, వేరే జడ్జి. తపాలా ఉద్యోగికి తగిలితే అది కేంద్ర కార్మిక శాఖది, 1916 నాటి చట్టం. విదేశీ స్థావరంలో కాంట్రాక్టు కంపెనీ కింద పనిచేస్తూ గాయపడితే 1941లో వచ్చిన డిఫెన్స్ బేస్ చట్టం. ఇరాక్‌లో చెత్త కాల్చిన గుంటల పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడైన లె రాయ్ టోరెస్ సంగతి మరొకటి. అతను టెక్సస్‌లో పోలీసు, సైన్యంలో రిజర్వ్ అధికారి. తిరిగి వచ్చాక పాత పని చేయలేక వేరే పని అడిగితే రాష్ట్రం ఇవ్వలేదు. అతను వెళ్లింది పరిహార చట్టం కింద కాదు, సైనికుల ఉద్యోగ హక్కుల చట్టం కింద. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు అతనికి దావా వేసే హక్కు ఉందని చెప్పింది. అతనూ, భార్య రోజీ కలిసి తనలాంటివాళ్ల కోసం బర్న్ పిట్స్ 360 అనే సంస్థ పెట్టారు. ఎంతోమందికి దారి చూపించిన సంస్థ అది.

కాబట్టి స్నేహితుడు గొప్ప లాయరని చెప్పినప్పుడు, ఏ కేసులో గొప్ప అని అడగాలి. వీఏలో పదేళ్ల బకాయి ఇప్పించిన లాయరుకు రాష్ట్ర పరిహార బోర్డు గుమ్మం కూడా తెలియకపోవచ్చు. ఆ లాయరు మంచివాడే. ఈ కేసుకు మాత్రం పనికిరాడు.

ఇక అసలు చిక్కుముడి. మాజీ సైనికుడి ఒంట్లో తరచుగా రెండు గాయాలుంటాయి, పాతదొకటి, కొత్తదొకటి. ఒక పారాట్రూపర్‌ను ఊహించుకుందాం. విమానంలోంచి దూకీ దూకీ అతని కుడి మోకాలు అరిగింది. వీఏ ఆ మోకాలికి 10 శాతం వైకల్యం రాసి నెలనెలా కొంత ఇస్తోంది. అతను కాలిఫోర్నియాలో గిడ్డంగి ఉద్యోగంలో చేరాడు. ఆరేళ్లు ఇబ్బంది లేకుండా పనిచేశాడు. ఒక రాత్రి షిఫ్టులో సరుకు పలకలు లాగే బండి ఎదురు తన్ని, తడి నేల మీద కాలు మెలితిరిగి అదే మోకాలు చితికింది. బీమా కంపెనీ మనిషి ఫైలు తెరవగానే వెతికేది ఆ 10 శాతం కాగితం. ఈ మోకాలు సైన్యంలోనే పోయింది, మా వాటా సగమే అంటాడు.

అలా అనే హక్కు అతనికి చట్టమే ఇచ్చింది. 2004లో కాలిఫోర్నియా చేసిన మార్పుల ప్రకారం శాశ్వత వైకల్యంలో ఎంత భాగం పని వల్ల, ఎంత భాగం ఇతర కారణాల వల్ల అన్నది డాక్టరు శాతాల్లో విడగొట్టి రాయాలి. మరుసటి ఏడాది ఎస్కొబెడో కేసులో ఒక కార్మికురాలి మోకాళ్ల వైకల్యంలో సగం కీళ్ల అరుగుదల ఖాతాలోకి పోయింది. దెబ్బ తగలక ముందు ఆ అరుగుదల ఆమెను బాధపెట్టలేదు కూడా. ఇలా ముక్కలు చేయడం శాశ్వత వైకల్యం డబ్బుకే వర్తిస్తుంది. వైద్యాన్ని ముక్కలు చేయడానికి వీల్లేదు, మోకాలి ఆపరేషన్ ఖర్చు మొత్తం బీమా కంపెనీ పెట్టుకోవాల్సిందే. ఈ ఒక్క సంగతి తెలిసిన లాయరుకూ తెలియని లాయరుకూ మధ్య తేడా వేల డాలర్లలో ఉంటుంది. డాక్టరు తన రిపోర్టులో ఊరికే సగం సగం అని రాస్తే చాలదు, ఎందుకు అంత శాతమో కారణం చూపించాలి. పాత వీఏ రికార్డులు చదవడం వచ్చిన లాయరు అక్కడ పట్టుకుంటాడు. వీఏ శాతాల లెక్క వేరు, రాష్ట్రం శాతాల లెక్క వేరు, రెండిటినీ కలపకూడదని డాక్టరును ఎదురు ప్రశ్నల్లో నిలదీస్తాడు.

పాత గాయం ఉన్న మనిషి గొడవ అమెరికాకు కొత్తది కాదు. 1925లో ఓక్లహోమాలో ఒక కన్ను ముందే పోయిన కార్మికుడు రెండో కన్ను పనిలో పోగొట్టుకున్నాడు. పూర్తి అంధత్వానికి పరిహారం ఇవ్వాల్సిందేనని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయమైన తీర్పే, కానీ యజమానులు భయపడి ఒంటి కన్ను, ఒంటి చెయ్యి, ఒంటి కాలు ఉన్నవాళ్లను పనిలోంచి తీసేశారు. అలా వీధిన పడ్డవాళ్లు వేలల్లో ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి అవయవాలు పోగొట్టుకున్న కుర్రాళ్లు తిరిగి వస్తున్నప్పుడు ఈ భయం మళ్లీ రాకూడదని రాష్ట్రాలు రెండో గాయం నిధులు పెట్టాయి. పాత గాయం వల్ల పెరిగిన భారాన్ని యజమాని మీద వేయకుండా ఆ నిధి మోస్తుంది. తరవాతి దశాబ్దాల్లో చాలా రాష్ట్రాలు ఖర్చు పేరుతో వాటిని మూసేశాయి. న్యూయార్క్‌లో 2007 జూలై నుంచి తగిలిన గాయాలకు ఆ తలుపు మూసుకుపోయింది. ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాల నుంచి గాయాలతో మనుషులు వస్తున్న సమయంలోనే ఈ మూసివేత జరగడం బాధ కలిగిస్తుంది.

ఈ చిక్కుముడి ఉంది కాబట్టే తోటి సైనికుడి మాటకు అంత విలువ. అతని ఒంట్లోనూ రెండు గాయాలున్నాయి. అతని వీఏ ఫైలు కూడా బీమా లాయరు టేబుల్ మీద పరిచి చూపించాడు. అప్పుడు తన లాయరు ఏం చేశాడో అతను కళ్లారా చూశాడు.

శనివారం సాయంత్రం ఏ లీజియన్ హాల్లోనైనా ఇలాంటి సంభాషణ వినిపిస్తుంది. గోడల మీద దళాల జెండాలు, చనిపోయినవాళ్ల ఫోటోలు. మూలన టేబుల్ దగ్గర మోకాలికి పట్టీ కట్టుకున్న ఒకతను, ఎదురుగా కాస్త వయసు మళ్లిన ఇంకొకతను. పెద్దవాడు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి టేబుల్ మీద సాపు చేస్తాడు. అది తన సెటిల్‌మెంట్ లెక్క. మొత్తం ఎంత, లాయరుకు ఎంత, డాక్టరు రిపోర్టులకు ఎంత, చేతికి ఎంత. అందులో ఒక వరుస దగ్గర వేలు ఆపుతాడు. వీఏకు తిరిగి కట్టిన సొమ్ము అది.

ఆ వరుస గురించి కాస్త చెప్పుకోవాలి. గిడ్డంగిలో దెబ్బ తగిలిన మాజీ సైనికుడు అలవాటు కొద్దీ వీఏ ఆసుపత్రికే వెళతాడు. అక్కడ వైద్యం అందుతుంది. అయితే ఆ గాయం సైన్యానికి సంబంధించినది కానప్పుడు, ఆ ఖర్చును పరిహార బీమా నుంచి రాబట్టుకునే హక్కు వీఏకు చట్టం ఇచ్చింది. ఈ సంగతి పట్టించుకోకుండా లాయరు సెటిల్ చేసేస్తే, కొన్ని నెలల తరవాత కాగితాలు, లెక్కలు, వాదనలు మళ్లీ మొదలవుతాయి. పెద్దవాడి లాయరు సంతకానికి ముందే వీఏకు ఉత్తరం రాసి బకాయి ఎంతో తేల్చుకున్నాడు. ఏ ప్రకటనలోనూ ఇది కనిపించదు.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. నీ కేసు ఆ లాయరే చూశాడా, లేక మొదటి రోజు చెయ్యి కలిపి తరవాత గుమాస్తాకు అప్పగించాడా? ఫోన్ చేస్తే తిరిగి చేశాడా? విచారణ రోజు జడ్జి ముందు నిలబడ్డది ఎవరు? చెక్కు ఆగిపోయినప్పుడు ఎన్ని వారాలకు మళ్లీ వచ్చింది? ఓడిపోయినవాళ్లను కూడా అడగాలి. కేసు పోయినా ఆ లాయరు గురించి మంచి మాట చెప్పేవాడు దొరికితే ఆ మాటకు బరువెక్కువ.

పాత వీఏ ఫైలును దాచమని సలహా ఇచ్చే స్నేహితులూ ఉంటారు. ప్రేమతోనే చెబుతారు, కానీ ఆ సలహా వినకూడదు. ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలంలో పాత గాయం లేదని చెప్పి, తరవాత రికార్డు బయటపడితే కేసు పోవడమే కాదు, మోసం కేసు మీద పడుతుంది. మంచి లాయరు మొదటి సమావేశంలోనే పాత రికార్డు అంతా తెమ్మంటాడు.

కేంద్ర ఉద్యోగుల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఒకే గాయానికి కార్మిక శాఖ ఇచ్చే పరిహారం, వీఏ ఇచ్చే భృతి రెండూ తీసుకోవడానికి వీల్లేదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. కార్మిక శాఖది జీతంలో మూడింట రెండు వంతులు, కుటుంబం ఆధారపడి ఉంటే నాలుగింట మూడు వంతులు. వేర్వేరు గాయాలైతే రెండూ అందుతాయి. ఏది ఏ గాయం అన్నదే అక్కడి వాదన. ఉత్తరాల సంచి మోస్తూ భుజం పోగొట్టుకున్న పోస్ట్‌మ్యాన్‌కు ఈ లెక్క చెప్పగల లాయర్లు తక్కువ. శాతం లెక్క ఫీజు ఒప్పందాన్ని కార్మిక శాఖ ఆమోదించదు, గంటల లెక్క చూపించి అనుమతి తెచ్చుకోవాలి. అందుకే చాలామంది లాయర్లు ఈ కేసుల జోలికి రారు. యూనియన్‌లో ఈ కాగితాలు తెలిసిన మనిషి, తపాలా శాఖలోనే పనిచేసే తోటి సైనికుడు, వీళ్లే పేరు చెప్పగలరు. ఈలోగా చేయాల్సిన పని ఒకటుంది. హఠాత్తుగా తగిలిన దెబ్బకు 30 రోజుల్లో సీఏ-1 ఫారం ఇస్తే 45 రోజుల దాకా పూర్తి జీతం కొనసాగుతుంది. ఆ గడువు దాటిపోతే ఆ జీతం రాదు.

నమ్మకం ఉన్నచోటికి దాన్ని అమ్ముకునేవాళ్లూ వస్తారు. ఇవాళ వీఏ గుర్తింపు లేకుండానే సైనికుల అర్జీలు నింపి, పెరిగిన భృతికి ఇన్ని రెట్లు అని వేల డాలర్లు గుంజే కంపెనీలు ఉన్నాయి. వాటి మనుషులు కూడా మాజీ సైనికులమనే పరిచయం చేసుకుంటారు. సొర చేపలని వాటికి అక్కడ పేరు. పరిహార కేసుల్లో ఇదే పని చేసే దళారులున్నారు. గాయపడ్డవాడిని లాయరుకు అప్పగించి తలకింత అని తీసుకుంటారు. కాలిఫోర్నియాలో అది నేరం. తన పేరు సిఫారసు చేసినందుకు లాయరు ఎవరికీ డబ్బు ఇవ్వకూడదని దాదాపు అన్ని రాష్ట్రాల బార్ నియమాలూ చెబుతాయి. కాబట్టి పేరు చెప్పిన స్నేహితుడినే మొహమాటం లేకుండా అడగాలి, దీనివల్ల నీకేమైనా వస్తుందా అని. నిజమైన స్నేహితుడు నొచ్చుకోడు.

ఆ తరవాత రాష్ట్ర బార్ రికార్డు చూడాలి. లైసెన్సు ఉందా, సస్పెన్షన్లు ఉన్నాయా అన్నది ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. కాలిఫోర్నియా, ఫ్లారిడా, టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో పరీక్ష పెట్టి, అనుభవం చూసి, కార్మిక పరిహారంలో నిపుణులని లాయర్లకు ధ్రువపత్రం ఇస్తారు. తోటి సైనికుడు చెప్పిన పేరుకు ఈ పత్రం కూడా తోడైతే ఆ తలుపు తట్టడానికి సందేహించక్కర్లేదు.

మన తెలుగువాళ్లకు నేరుగా తగిలే సంగతి డిఫెన్స్ బేస్ చట్టంలో ఉంది. విదేశాల్లోని అమెరికా సైనిక స్థావరాల్లో కాంట్రాక్టు కంపెనీల కింద పనిచేసే పౌరులందరికీ అది వర్తిస్తుంది. పాత సైనికులు చాలామంది ఈ ఉద్యోగాల్లోనే మళ్లీ యుద్ధభూమికి వెళ్లారు. వాళ్ల పక్కనే వంటవాళ్లు, బట్టలుతికేవాళ్లు, డ్రైవర్లు ఉంటారు, వేరే దేశాలవాళ్లు. దేశం ఏదైనా ఆ చట్టానికి పట్టింపు లేదు.

2004 ఆగస్టులో నేపాల్‌కు చెందిన పన్నెండు మంది కూలీలను ఇరాక్‌లో ఉగ్రవాదులు ఎత్తుకుపోయి చంపారు. జోర్డాన్‌లో ఉద్యోగమని నమ్మించి, అమెరికా స్థావరం వైపు తరలిస్తుంటే దారిలో జరిగింది. ఆ రవాణా గొలుసును ఊరి ఏజెంటు దగ్గర నుంచి స్థావరం దాకా తవ్వి 2005లో బయటపెట్టినవాడు షికాగో ట్రిబ్యూన్ విలేకరి క్యామ్ సింప్సన్. ఆ కుటుంబాలకు ఇలాంటి చట్టం ఒకటి ఉందని ఎలా తెలుస్తుంది? ఒకప్పుడు నేపాల్‌లో పీస్ కోర్ వాలంటీరుగా ఉన్న మాథ్యూ హ్యాండ్లీ అనే అమెరికన్ లాయరు వాళ్ల తరఫున అర్జీలు వేశాడు. 2008లో కార్మిక శాఖ జడ్జి పరిహారం ఇవ్వాలని ఆదేశించాడు. పెద్ద కాంట్రాక్టరు మీద వేసిన వేరే దావా పై కోర్టుల్లో నిలబడలేదు. పరిహారం మాత్రం నిలిచింది.

కువైట్‌లో అమెరికా స్థావరాలున్నాయి. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్ల ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో. వాళ్లలో ఎవరైనా ఆ స్థావరాల్లో కాంట్రాక్టు కంపెనీ కింద పనిచేస్తూ గాయపడితే 30 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలి. దానికి ఎల్‌ఎస్-201 ఫారం. ఏడాది లోపల ఎల్‌ఎస్-203తో క్లెయిము వేయాలి. మరణిస్తే భార్యాపిల్లలు వేయాల్సింది ఎల్‌ఎస్-262. అమెరికావాళ్లు కానివారికి ముందు ముందు రావాల్సిన పరిహారాన్ని సగానికి లెక్కగట్టి ఒకేసారి ఇచ్చేసే వీలు చట్టంలో ఉంది. ఆ మెలిక తెలియకుండా సంతకం పెట్టకూడదు. కేసు గెలిస్తే లాయరు ఫీజును మామూలుగా బీమా కంపెనీయే కట్టాలి, అదీ అధికారుల ఆమోదంతో. ఆమోదం లేకుండా గాయపడ్డవాడి దగ్గర ఫీజు వసూలు చేయడం ఆ చట్టం కింద నేరం. ముందు ఇంత కట్టు అనే మధ్యవర్తి ఎదురైతే అక్కడే ఆగాలి. ప్రమాదం జరిగిన తేదీ, కంపెనీ పూర్తి పేరు, కాంట్రాక్టు కాగితం నకలు, పక్కన పనిచేసిన ఇద్దరి ఫోన్ నంబర్లు ఇంట్లో భద్రంగా ఉంచుకోవాలి. ఆ ఇద్దరిలో ఎవరికైనా ఇలాంటి కేసు ఇంతకుముందు నడిచి ఉంటే, లాయరు పేరు మొదట అడగాల్సింది వాళ్లనే.